ఏడుపులక్క కోపం

మా డబ్బింగ్ వాళ్ళలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఏడుపులక్కే. తెర మీద బిడ్డను పోగొట్టుకున్న తల్లి గుండెలు బాదుకోవాలన్నా, మొగుడు వదిలేసిన ఇల్లాలు వంటింట్లో కుమిలిపోవాలన్నా, ఆఖరికి పక్కింటావిడ ఊరికే ముక్కు చీదాలన్నా కబురు ఆమెకే వెళ్ళేది. మైకు ముందు నిలబడి, హెడ్‌ఫోను ఒక చెవికే తగిలించుకుని, రెండో చెవిని తన గొంతు కోసం వదిలేసి, తెర మీద పెదవులు విడివడగానే వెక్కిళ్ళు అందుకునేది. వినేవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. టేక్ అయిపోగానే మాత్రం, "ఆ ఫ్యాను కాస్త పెంచండి, ఉడికిపోతున్నాను" అనేది. కంట్లో చుక్క తడి ఉండేది కాదు.

ఏడుపు ఆమె వృత్తి మాత్రమే. స్వభావం కోపం. అందరికీ కోపం ముక్కు మీద ఉంటే ఆమెకు నాలుక చివర ఉండేది. టీలో చక్కెర తగ్గితే కోపం. దర్శకుడు ఆలస్యంగా వస్తే కోపం. వేళకు ముందే వస్తే ఇతగాడికి ఇంట్లో పనేం లేదా అని కోపం. కొత్తగా చేరినవాళ్ళు హడలిపోయేవాళ్ళు. పాతవాళ్ళం మాత్రం, ఆ తిట్లు మావి కావని తెలిసి, గొడుగు లేక వానలో నిలబడ్డవాళ్ళలా తల వంచుకుని ఉండేవాళ్ళం. అవి నిజంగా ఎవరికి చెందాలో ఆ మనిషి రికార్డింగ్ గది బయట బల్ల మీద కూర్చుని ఉండేవాడు.

ఆయన వాళ్ళ నాన్న. కుట్టుమెషీన్లు బాగుచేసేవాడు. సన్నటి మనిషి, గట్టిగా మాట్లాడి ఎరగడు. వేళ్ళ సందుల్లో నల్లటి నూనె మరకలు, ఎంత తోమినా వదలనివి. మధ్యాహ్నం అయ్యేసరికి ఒక చేత్తో పనిముట్ల పెట్టె, రెండో చేత్తో భోజనం క్యారేజీ పట్టుకుని మెట్లెక్కి వచ్చేవాడు. కూతురు తినేదాకా ఉండి, పని అయ్యేదాకా ఉండి, ఆమెను వెంటబెట్టుకుని ఇంటికి వెళ్ళేవాడు. నలభై దాటిన మనిషిని, బడి నుంచి చంటిపిల్లను తీసుకెళ్ళినట్టు. మేమంతా ఆయన్ను క్యారేజీ నాన్న అనేవాళ్ళం.

చిన్నప్పుడు తాము ఎన్ని ఊళ్ళు మారామో అక్క కోపంలో చెబుతూ ఉండేది. ఒక ఊళ్ళో స్నేహితురాలి పేరు నోటికి అలవాటయ్యేలోగా ఇంకో ఊరు. ఎక్కడికెళ్ళినా ఆయన చేసే మొదటి పని కిటికీలకు తెరలు కుట్టడం. పొయ్యి వెలిగించడం ఆ తర్వాత. బళ్ళో ఫోటో తీసే రోజున ఆమెకు జ్వరం వచ్చేది. వచ్చిందని ఆయన చెబితేనే ఆమెకు తెలిసేది. అమ్మ సంగతి అడిగితే, నువ్వు నడక నేర్చేలోపు జబ్బు చేసి పోయిందమ్మా అనేవాడు. ఫోటో ఏదంటే, తీయించుకోలేదు. అమ్మ తరఫువాళ్ళు ఎవరంటే, ఎవరూ లేరు. అన్ని ప్రశ్నలకూ ఆయన దగ్గర చిన్న చిన్న జవాబులుండేవి, గుండీలకు సరిపోయేలా తీసిన కాజాల్లాగా.

ఇరవై దాటిన వయసులో ఆమెకు ఒక సినిమాలో వేషం వచ్చింది. అప్పటికే గొంతు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ గొంతు విని చూడటానికి వచ్చిన దర్శకుడు, మొహం చూసి కథానాయిక అక్క వేషం ఇస్తానన్నాడు. నాన్నకు చెప్పకుండా ఒప్పేసుకుంది. మొదటి రోజు మేకప్ కుర్చీలో కూర్చుని, సగం మొహానికి రంగు పడ్డాక, అద్దంలో ఆమె వెనక నాన్న కనబడ్డాడు. చేతిలో పనిముట్ల పెట్టె. ఎలా తెలిసిందో తెలియదు. మా అమ్మాయి నటించదండీ, గొంతు కావాలంటే వాడుకోండి, మొహం మాత్రం వద్దు అని అందరిముందూ నెమ్మదిగా చెప్పి, ఆమె చెయ్యి పట్టుకుని లేపాడు. సగం రంగు మొహంతోనే వీధుల వెంట ఇంటికి నడిచింది. ఆ రోజు నిజంగా ఏడ్చాననీ, ఆ తర్వాత ఏడ్చినవన్నీ కూలికి ఏడ్చినవేననీ అనేది.

ఎందుకలా చేశావని ఎన్నిసార్లు అడిగినా ఆయనది ఒకటే మాట. లోకం మంచిది కాదమ్మా. లోకం సంగతి నీకెలా తెలుసు, ఎప్పుడైనా ఆ తెర తీసి చూశావా అని ఈమె. వాళ్ళింట్లో రోజూ జరిగే పోట్లాట అది. మా సౌండ్ ఇంజనీరు వయసులో ఉన్నప్పుడు ఆమెను చేసుకుంటానని వాళ్ళింటికి వెళ్ళాడు. ఆయన అతని పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆరా తీసి, అతను వీళ్ళ వైపువి అడిగేసరికి కాఫీ కలపడానికని లోపలికి వెళ్ళి, మళ్ళీ చాలాసేపటిదాకా బయటికి రాలేదట. ఇంజనీరు కాఫీ తాగకుండానే వచ్చేశాడు. తర్వాత వేరే పెళ్ళి చేసుకున్నాడు. అక్కకు స్నేహితుడిగానే మిగిలాడు.

మరి అంత కోపం ఉన్నది వెళ్ళిపోవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. మాకూ అనిపించేది. కానీ ఆ మనిషి ఆమెను కంటికి రెప్పలా సాకాడు. జడ వేయడం రాకపోతే మెషీను బాగుచేయడానికి వెళ్ళిన ఇళ్ళలో ఆడవాళ్ళను అడిగి నేర్చుకున్నాడు. ఆమెకు టైఫాయిడ్ వస్తే పని మానేసి మంచం పక్కనే కూర్చుని, ఆమె పథ్యమే తానూ తిన్నాడు. అలాంటివాణ్ణి వదిలి వెళ్ళడానికి కాళ్ళు రావు. ఉండటానికి మనసొప్పదు. ఆ రెంటి మధ్యా నలిగిందే ఆమె కోపం.

అలా ఉండగా ఆ సస్పెన్స్ సినిమా వచ్చింది.

దర్శకుడు కుర్రవాడు. గాజు అద్దం అవతల ఇంజనీరు పక్కన కూర్చుని మాకందరికీ కథ చెప్పాడు. ఒక తండ్రి కూతుర్ని లోకానికి కనబడకుండా పెంచుతుంటాడు. ఎందుకో ఎవరికీ తెలియదు. చివర్లో తెలుస్తుంది: ఆ పిల్ల చిన్నప్పుడు తన తల్లి చావును చూసింది. అక్కది ఆ తల్లి గొంతు, రెండే సన్నివేశాలు. కథ విని అక్క, "ఈ తండ్రులందరికీ ఇదేం రోగం బాబూ" అంది. అందరం నవ్వాం. బయట బల్లకు ఆ రోజే రంగు వేసినందువల్ల, క్యారేజీ నాన్నను దర్శకుడు లోపలికి పిలిచి వెనక కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయనా నవ్వాడో లేదో మేం చూడలేదు.

రెండో సన్నివేశంలో, బయట చంపడానికి వచ్చినవాడు తలుపు బాదుతుంటాడు. తల్లి పిల్లను మంచం కిందికి తోస్తుంది. తెర మీద పిల్ల మొహం మాత్రమే ఉంటుంది, తల్లి గొంతు వినబడుతుంది. రాసిన మాట, 'బయటికి రాకు.' అక్క చెప్పింది. బాగానే చెప్పింది. దర్శకుడికి తృప్తి లేదు. ఈ మాట అన్ని సినిమాల్లో వింటూనే ఉన్నాం మేడమ్, ఇక్కడ పెదాలు కనబడవు కాబట్టి మీకేదైనా తోస్తే అనండి అన్నాడు. రాసే పని కూడా నాదేనా అని అక్క విసుక్కుని, ఇంకో టేక్‌కు నిలబడింది.

తెర మీద పిల్ల మంచం కిందికి పాకింది. అక్క నోరు తెరిచింది. వచ్చింది ఏడుపు గొంతు కాదు. ఆ గొంతు మేమెప్పుడూ వినలేదు. మంద్రస్థాయిలో, చాలా మామూలుగా, దాదాపు ఆట పట్టిస్తున్నట్టు ఉంది.

"గోడవైపు తిరుగు ఎలకమ్మా. నేను పిలిచేదాకా ఇటు చూడకు."

దర్శకుడు కుర్చీలోంచి సగం లేచాడు, ఆనందంతో. అదే సమయానికి వెనక క్యారేజీ దభేలున పడి గిన్నెలు నేల మీద దొర్లాయి. అక్కకు చెప్పడానికి ఇంజనీరు అప్పుడే మాట్లాడే బటన్ నొక్కాడు. బటన్ పక్కనున్న మైకులోకి వంగి క్యారేజీ నాన్న అడిగాడు. ఆ మాట నేరుగా ఆమె చెవిలో పడింది.

"ఆ మాట నీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు, నోటికి వచ్చింది అని అక్క. అది నోటికొచ్చే మాట కాదు అన్నాడాయన. అన్నాక పెదవులు బిగించుకున్నాడు. కానీ ఆలస్యమైపోయింది. జీవితమంతా భయపడే గొంతుల్ని పలుకుతూ, వింటూ బతికిన అక్కకు, హెడ్‌ఫోన్లో వినబడ్డ ఆ వణుకు ఏమిటో తెలియకుండా పోదు. హెడ్‌ఫోను తీసి కొక్కానికి తగిలించి, గాజులోంచి ఆయన వైపు చూసింది. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. కింద పడ్డ అన్నాన్ని చేత్తో గిన్నెలోకి ఎత్తుతున్నాడు, తలెత్తకుండా.

ఇంటికి పదమ్మా అని బతిమాలాడు. ఇంటికి రాను, ఇక్కడే చెప్పమంది. ఇంజనీరు దర్శకుణ్ణి, మా అందర్నీ టీకి తీసుకుపోయాడు. అక్క ఆయన్ను మైకున్న గదిలోకి తీసుకెళ్ళి ఆ బరువైన తలుపు మూసేసింది. గోడలనిండా దూది పరుపులు కుట్టిన గది అది. లోపల అరిచినా బయటికి పొక్కదు. అక్కడేం జరిగిందో తర్వాత ఆమె చెబితేనే నాకు తెలిసింది.

ఆయన నిలబడే చెప్పాడట.

"నేను మీ నాన్నని కాదు."

అక్క వాళ్ళమ్మ ఇంటి దగ్గరే బట్టలు కుట్టేది. పక్క వాటాలో ఆయన అద్దెకుండేవాడు. ఆమె మెషీను మొరాయిస్తే ఈయనే వెళ్ళి బాగుచేసేవాడు. ఆమె భర్త వీధిలో అందరికీ మంచివాడు. ఇంట్లోకి అడుగుపెట్టాకే వేరే మనిషి. అతను వచ్చే అడుగుల చప్పుడును బట్టి ఆమె పిల్లతో ఆ మాట అనేది. గోడవైపు తిరుగు ఎలకమ్మా. తర్వాత దెబ్బలు. అన్నీ అయిపోయాక, కాసేపటికి, ఏమీ జరగనట్టు 'ఎలకమ్మా' అని పిలిచేది. పిల్ల పరిగెత్తుకుని వెళ్ళేది.

"గోడలకి చెవులుంటాయంటారు కదమ్మా. ఆ గోడకి చెవులు నేనే" అన్నాడు. ఒకటి రెండుసార్లు అడ్డం వెళితే, అతను ఆమెకు లేనిపోనివి అంటగట్టి ఇంకా ఎక్కువ కొట్టాడట. అందుకని వెళ్ళడం మానేశాడు.

ఒక పగటిపూట ఆమె పిలవలేదు. ఈయన గోడ ఇవతల చేతిలో పని ఆపి ఎదురుచూశాడు. భర్త తలుపు వేసుకుని బయటికి వెళ్ళిన చప్పుడైంది. పిలుపు రాలేదు. వెళ్ళి చూస్తే ఆమె వంటింటి గడప దగ్గర పడి ఉంది. ప్రాణం లేదు. లోపలి గదిలో మూడేళ్ళు నిండని పిల్ల గోడకు మొహం ఆనించి నిలబడి ఉంది.

"నేను పిలిచాను నిన్ను. నువ్వు తిరగలేదు. మీ అమ్మ గొంతు కాదు కదా."

మొహం తన భుజానికి అదిమిపెట్టుకుని, ఏమీ కనబడకుండా బయటికి ఎత్తుకొచ్చాడు. పోలీసులు వచ్చారు. కాలు జారి పడిందని భర్త చెప్పాడు. వాళ్ళు రాసుకున్నారు. నేను విన్నానని ఈయన చెబితే, చూశావా అని అడిగారు. చూడలేదు. వినడం వేరు, చూడటం వేరు పొమ్మన్నారు. పిల్లను తండ్రికే ఇచ్చారు. ఆ తర్వాత గోడ అవతల నుంచి అవే అడుగులు, అదే గొంతు. ఈసారి తిట్లు పిల్లకు. గోడవైపు తిరగమని చెప్పడానికి ఎవరూ లేరు. ఒక ఉదయం అతను పనికి వెళ్ళాక, ఈయన ఒక చేత్తో పనిముట్ల పెట్టె, రెండో చేత్తో పిల్లను ఎత్తుకుని బస్సెక్కేశాడు.

అక్క అంతా విన్నది. లేని నాన్న, ఉన్న నాన్న, చచ్చిపోయిన అమ్మ, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. అయినా ఆమె మొదట అడిగింది ఒక్కటే. నన్ను కన్న ఆ మనిషి ఇప్పుడెక్కడ?

లేడు, పోయాడన్నాడు.

ఎప్పుడు అని అడిగింది.

అక్కడ ఆయన మరో అబద్ధం ఆడేయగలడు. అంతకాలం ఆడినవాడికి ఇంకొకటి కష్టం కాదు. కానీ ఎందుకో ఆ గదిలో ఆడలేకపోయాడు.

"నీకు సినిమా వేషం వచ్చింది చూడు. అంతకంటే ముందే."

అప్పటిదాకా జాలో, భయమో, గుండెలో కరుగుతున్నది ఏదైతేనేం, గడ్డకట్టుకుపోయిందని అక్క చెప్పింది. ఆ మనిషి చచ్చాడని తెలిసీ తనను మేకప్ కుర్చీలోంచి లేపాడు. ఆ మనిషి చచ్చాడని తెలిసీ ఇంజనీరుకు కాఫీ ఇవ్వకుండా పంపాడు. తెరలు తీయలేదు. ఫోటో తీయించలేదు.

"మరి ఇన్నాళ్ళూ నన్ను ఎవర్నించి దాచావు?"

"మీ పిన్ని నుంచి" అన్నాడు. "నువ్వు అచ్చం మీ అమ్మ పోలిక. తెర మీద కనబడితే గుర్తుపట్టేసేది. వచ్చి తీసుకుపోయేది. నన్నెవరని అడిగితే ఏం చెప్పను? పిల్లల దొంగననా?"

పిన్ని ఉంది. వాళ్ళమ్మకు సొంత చెల్లెలు. తన అక్కయ్య చనిపోయినప్పుడు ఎక్కడో దూరంగా చదువుకుంటోంది. ఆమె ఏళ్ళ తరబడి ఆ పాత వాటా చుట్టూ తిరిగి పిల్ల కోసం వాకబు చేసిందని కూడా ఈయనకు తెలుసు. కుట్టుమెషీను విడిభాగాలు అమ్మే పాత స్నేహితుడు ఆ ఊరి కబుర్లన్నీ మోసుకొచ్చేవాడు. ఆ మనిషి చావు సంగతి చెప్పిందీ అతనే.

మేం టీ తాగి తిరిగొచ్చేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. అక్క ఇంజనీరు పక్కన నిలబడి, ఆ చివరి టేక్ వినిపించమంది. విన్నది. అందరం విన్నాం. తీసేయమంది.

దర్శకుడు లబలబలాడాడు. సినిమాకే ప్రాణం మేడమ్ అది, ఎంత బాగా వచ్చిందో మీకు తెలియడం లేదు అన్నాడు. అక్క అగ్గిమీద గుగ్గిలమైంది.

"అది మా అమ్మ మాట. నీ సినిమాకి రాసిన మాట కాదు. ఇంకొక్కసారి ప్రాణం గీణం అన్నావంటే ఈ మైకు పీకి నీ నెత్తిన కొడతాను."

ఇంజనీరు ఒక్కసారి ఆమె వైపు చూసి, చెరిపేస్తే మళ్ళీ రాదేమో అన్నాడు. ఆమె తల ఊపింది. అతను చెరిపేశాడు. సినిమాలో 'బయటికి రాకు' అనే ఉంది.

పిన్ని ఉండే ఊరు, వీధి ఆయనే చెప్పాడు. అక్క ఒంటరిగా బస్సెక్కింది. జీవితంలో మొదటిసారి. కిటికీ పక్క సీటులో కూర్చుని దారిపొడుగునా ఎవరినో తిడుతూనే ఉందట. పక్కనున్నావిడ భయపడి సీటు మారింది.

పిన్నిది కళ్ళజోళ్ళ దుకాణం. బల్ల వెనక కూర్చుని ఒక ఫ్రేముకు స్క్రూ బిగిస్తోంది. తలెత్తకుండానే, దూరం కనబడటం లేదా, దగ్గరా అని అడిగింది. జవాబు రాకపోతే తలెత్తింది. చేతిలో ఫ్రేము బల్ల మీద పెట్టింది. బల్ల ఇవతలికి వచ్చి అక్క మొహాన్ని వెలుతురు వైపు తిప్పింది. ఏడవలేదు. వాళ్ళింట్లో ఆడవాళ్ళకు ఏడుపు తొందరగా రాదనుకుంటాను.

"నిన్ను కూడా వాడే చంపాడనుకున్నాను" అంది. "పిల్లని పక్క వాటావాడు ఎత్తుకెళ్ళాడని వాడంటే నేను నమ్మలేదు. అక్కని చంపినవాడు ఏదైనా చెప్తాడు. వాడు పోయినప్పుడు వెళ్ళాను. శవం పక్కన నిలబడి అడిగాను, పిల్లనేం చేశావురా అని."

అప్పటిదాకా పిన్నిలో కొండంత పేరుకున్న కోపానికి గురి లేకుండా పోయింది. తనను ఎత్తుకెళ్ళి పెంచింది నిజంగా ఆ పక్క వాటాయనేనని అక్క చెప్పగానే గురి దొరికింది. దుకాణం షట్టరు దించి, తాళం కూడా సరిగ్గా వేయకుండా అక్కతో బయలుదేరింది.

ఆ సాయంత్రం ఆ ఇంట్లో ముగ్గురూ నిలబడే మాట్లాడుకున్నారు. పిన్ని పోలీసుల్ని పిలుస్తానంది. పిలవండి, నేను కాదనను అన్నాడాయన. పిల్లను నా దగ్గరికి తెస్తే పెంచకపోయేదాన్నా అని పిన్ని. మొదట్లో మీరెక్కడున్నారో తెలియదు, తెలిసేసరికి ఇవ్వలేకపోయాను అని ఆయన. ఇవ్వలేకపోవడానికి నీ సొమ్మా అని పిన్ని. కాదు, ప్రాణం అని ఆయన. పిన్ని అప్పుడు ఆయన చెంప పగలగొట్టింది. ఆయన ఆ చెంప తడుముకోలేదు. తర్వాత పిన్ని అక్కను తనతో వచ్చేయమంది. వెళితే వెళ్ళనీండి, కానీ బస్సులో ఒంటరిగా మాత్రం పంపకండి అన్నాడాయన.

అక్క ఆ మాటకు పేలింది.

"ఆపండి ఇద్దరూ. ఇది చంటిపిల్ల గురించి మాట్లాడే మాటలా? నాకు జుట్టు నెరుస్తోంది. ఒకరు నన్ను దాచారు, ఒకరు నన్ను వెతికారు. నీకేం కావాలే అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. పోలీసుల్ని పిలవాలో వద్దో నేను చెప్తాను. నేనెక్కడ ఉండాలో నేను చెప్తాను. ఈయన్ని తిట్టాల్సింది కూడా నేనే పిన్నీ, మీరు కాదు. మీకంటే ముందు నుంచీ వరసలో ఉన్నాను."

అలా అరుస్తూనే ఉంది, గొంతు బొంగురుపోయేదాకా. మర్నాడు స్టూడియోకు వస్తే మాట పెగల్లేదు. ఒక పెద్ద సినిమాలో తల్లి వేషానికి ఏడవాల్సింది, వేరేవాళ్ళు ఏడ్చారు.

పోలీసుల్ని పిలవలేదు. పిన్ని చాలా పట్టుబట్టింది. ఆయన్ని జైల్లో పెడితే నేనెవరి మీద అరవాలి అని అక్క తేల్చేసింది. నవ్వులాటకు అన్నట్టే ఉంటుంది, కానీ అందులో నవ్వేం లేదు. ఆయన చేసింది రెండు పనులు. ఒకటి చేయకపోతే ఆమె బతికేది కాదు. రెండోది చేయకపోతే ఆమె బతుకు ఆమెకు ఉండేది. ఈ రెండూ చేసింది ఒక్క మనిషే. దేనికి దండం పెట్టాలో, దేనికి దండించాలో ఏ పోలీసు విడదీస్తాడు?

ఆమె వేరే వీధిలో మేడ మీద గది తీసుకుంది. సామాన్లు ఆయనే మోసుకొచ్చాడు. గుమ్మం దగ్గరే అందుకుని లోపలికి రానివ్వలేదు. నాన్నా అనడం మానేసింది. నువ్వు పోయి మీరు వచ్చింది. మనవాళ్ళలో కొందరికి మీరు అనిపించుకుంటే గౌరవం. ఆయనకు అది ఉరిశిక్షలా ఉందని చూసినవాళ్ళకెవరికైనా తెలిసేది. మధ్యాహ్నం యథాప్రకారం క్యారేజీ తెచ్చేవాడు. ఆమె ముట్టేది కాదు. అన్నం పారేయకూడదని మేం తినేవాళ్ళం. ఎదురుగా కూర్చుని ఆమె మమ్మల్నీ తిట్టేది. ఆయన గిన్నెలు సర్దుకుని ఒక్కడే మెట్లు దిగి వెళ్ళేవాడు.

సినిమా విడుదలైంది. పిన్ని వస్తే అక్క ఆమెను తీసుకుని వెళ్ళింది, నేనూ వెళ్ళాను. తెర మీద తండ్రి అందరి కళ్ళూ కప్పి, కూతురి కోసం అడ్డమైన అబద్ధాలూ ఆడి, చివరికి గెలుస్తాడు. అతను పెద్ద అబద్ధం ఆడిన చోట హాలంతా చప్పట్లు. ఈలలు. అక్క లేచి నిలబడింది. "ఆ పిల్లని అడిగాడా?" అంది, అందరికీ వినబడేలా. వెనక నుంచి ఎవరో, కూర్చోమ్మా, బొమ్మ కనబడటం లేదు అన్నారు. కూర్చోలేదు. వరసలో అందరి మోకాళ్ళూ రాసుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. పిన్ని ఆమె వెనకే. వీధిలో నిలబడి ఇద్దరూ ఆ సినిమాను, దాన్ని తీసినవాణ్ణి, చప్పట్లు కొట్టినవాళ్ళను కడుపారా తిట్టుకున్నారు. ఒక గొంతు ఎక్కడ ఆగిందో, రెండోది ఎక్కడ అందుకుందో నాకు తేడా తెలియలేదు.

పిన్నికి తెలిసింది పెళ్ళికి ముందున్న అక్కయ్య. ఆ తర్వాత ఆమె ఎలా ఉండేదో, పొద్దున లేచి ఏం మాట్లాడేదో, మెషీను ముందు కూర్చుని ఏం గొణుక్కునేదో ఎరిగిన ప్రాణి ఈ భూమ్మీద ఒక్కడే మిగిలాడు. ఆ సంగతి అక్కకు తట్టడానికి కొన్ని నెలలు పట్టింది. తట్టినప్పుడు దానికీ కోపం వచ్చింది. అయినా వెళ్ళింది. ఆయన తలుపు తీస్తే, బయట వసారాలోనే నిలబడి, ఒక్క ప్రశ్న అడుగుతాను, నిజం చెప్పండి అంది. మా అమ్మ నవ్వేదా?

ఆయన ఈసారి తొందరపడలేదు. తలుపు పట్టుకుని ఆలోచించాడు.

"నవ్వు గోడ దాటి వచ్చేది కాదమ్మా. తిట్లు వచ్చేవి. దారం తెగితే మెషీన్ని తిట్టేది. బాగుచేసి తెస్తే ఆలస్యమైందని నన్ను తిట్టేది. ఆ మనిషిని కూడా తిట్టేది. ఎన్ని దెబ్బలు తిన్నా తిట్టడం మానలేదు."

ఆమె గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. తర్వాతి ఆదివారం మళ్ళీ వచ్చింది, ఇంకో ప్రశ్నతో. ఆ తర్వాతా వచ్చింది. కొన్నిటికి ఆయన తెలియదన్నాడు. అది కూడా ఆమెకు కొత్తే. ఆయన నోట తెలియదు అనే మాట అంతకుముందు వినలేదు. కొన్నిసార్లు జవాబు వింటూనే మళ్ళీ పాత విషయం మీదికి వెళ్ళి, మేకప్ కుర్చీని, కాఫీని తవ్వితీసి, వీధి వీధంతా వినేలా దులిపేసేది. ఆయన చివరిదాకా వినేవాడు. లోకం మంచిది కాదన్న మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

మొన్న ఆదివారం ఆయన లోపలి నుంచి కుర్చీ తెచ్చి వసారాలో వేశాడట. తాను గడప మీద కూర్చున్నాడు. ఆమె కాసేపు కుర్చీ వైపు, కాసేపు ఆయన వైపు చూసి కూర్చుంది. చెప్పులు మాత్రం విడవలేదు.